గోడ మీది గీతలు

మా బాస్కెట్‌బాల్ కోర్టు పక్కనున్న స్టోర్ రూమ్ గోడకి ఏళ్ళుగా సున్నం వెయ్యనివ్వడం లేదు నేను. ఆ గోడ నిండా పిల్లల లెక్కలే. వేళ్ళకి సుద్దపొడి రాసుకుని, గోడ పక్కన నిలబడి చెయ్యి అందినంత మేర ఒక గుర్తు పెడతారు. అక్కడే ఎగిరి కొట్టి ఇంకో గుర్తు. చెరిగిపోకుండా నేను మేకుతో గీత గీసి తేదీ వేస్తాను. రెండు గీతల మధ్య ఎంతుంటే వాడు అంత ఎగిరినట్టు. డడ్లీ సార్జెంట్ అనే అమెరికా వ్యాయామ గురువు 1921లో రాసిపెట్టిన పద్ధతి ఇది.

మూడేళ్ళ క్రితం ఎనిమిదో తరగతి కుర్రాడొకడు వేసవి సెలవుల తర్వాత కాస్త ఒళ్ళు చేసి వచ్చాడు. తూకం మెషిన్ ఎక్కిస్తే నాలుగు కిలోలు ఎక్కువ. ముందూ వెనకా చూడకుండా "రాత్రిపూట అన్నం మానెయ్‌రా" అనేశాను. వాడు బుద్ధిమంతుడు, పొద్దుటి టిఫిన్ కూడా మానేశాడు. రెండు నెలల్లో మూడు కిలోలు తగ్గాడు. నేను మురిసిపోయాను. గోడ దగ్గరికి తీసుకెళ్తే గీత పైకి పోలేదు సరికదా, నాలుగు వేళ్ళ మేర కిందికి దిగింది. మూడో క్వార్టర్‌కల్లా నడుం మీద చేతులేసుకుని నిలబడిపోయేవాడు. వాళ్ళమ్మ వచ్చి "పుస్తకం ముందే పడి నిద్రపోతున్నాడండీ, మీరేం చెప్పారు సార్?" అని అడిగిన రోజు నా దగ్గర జవాబు లేదు.

తూకం మొత్తం ఎంతో చెబుతుంది, అంతే. అందులో ఎముకెంత, కండెంత, కొవ్వెంత, ఇందాక తాగిన నీళ్ళెంత అన్నది దానికి పట్టదు. తూకాన్ని ఎత్తు వర్గంతో భాగించి చూసే బీఎంఐ కూడా కండనీ కొవ్వునీ విడదీయలేదు. కొవ్వు ఎక్కువైతే ఆటకి చేటే, కాదనను. మూడు కిలోల బియ్యం సంచి నడుముకి కట్టుకుని 10 అడుగుల రింగు కింద రీబౌండ్‌కి ఎగరండి, తెలుస్తుంది. కానీ ఎదిగే పిల్లాడికి తిండి కోస్తే కొవ్వొక్కటే కరగదు. పైకి ఎగరేసే కండ కూడా పోతుంది.

చర్మాన్ని మడతగా పట్టి మందం కొలిచే కాలిపర్ కూడా కొన్నాను. ఒకే పిల్లాడికి పొద్దున ఒక అంకె, సాయంత్రం ఇంకో అంకె. చెయ్యి తిరగనివాడి చేతిలో అది పిల్లల్ని గిల్లడానికే పనికొస్తుంది. ఆడపిల్లల జోలికి దాంతో అసలు పోలేదు. ఆ వయసులో వాళ్ళ ఒంట్లో కొంత కొవ్వు చేరడం సహజం, దాన్ని ఇరవైమంది ముందు అంకెగా చదవడానికి నేనెవర్ని? వాళ్ళ గురించి నా దిగులల్లా రక్తహీనత.

అసలు చిక్కు వయసుతో. ఆడపిల్లలు సుమారు 12 ఏళ్ళకి, మగపిల్లలు సుమారు 14కి గబగబా పొడుగు సాగుతారు. అదీ సగటు మాటే. మొదట కాళ్ళు సాగుతాయి, నడుం పైభాగం తర్వాత. మగపిల్లలకి కండ బాగా పట్టేది ఆ పైన. ఆ మధ్య నెలల్లో, నిన్నటిదాకా ముచ్చటగా లేఅప్ వేసినవాడు తన కాళ్ళకి తనే తట్టుకుంటాడు, మోకాలి చిప్ప కింద నొప్పంటాడు. అండర్-14లో మీసాలవాడూ పాలబుగ్గలవాడూ ఒకే ఏడాది పుట్టి ఉంటారు. మీసాలవాణ్ణి మనం టాలెంట్ అంటాం, పాలబుగ్గలవాణ్ణి పక్కన పెడతాం. మైకేల్ జోర్డాన్‌ని పదో తరగతిలో బడి పెద్ద జట్టులోకి తీసుకోలేదు. అప్పుడతను 5 అడుగుల 10 అంగుళాలు, తర్వాత 6 అడుగుల 6 అంగుళాలయ్యాడు.

నా గోడనీ మరీ నమ్మకండి. 2014 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో 41వ వాడిగా ఎంపికైన సెర్బియా ఆటగాడు నికోలా యోకిచ్‌కి ఎగురుడు పెద్దగా లేదు. అయినా 2021, 2022, 2024లలో ఎన్‌బీఏ ఎంవీపీ అతనే.

ఆ కుర్రాడిప్పుడు ఇంటర్ ఫస్టియర్. పోయిన ఆదివారం వచ్చాడు, నాకంటే జానెడు పొడుగు. గోడంతా వెతికి, కిందికి దిగిన ఆ పాత గీత మీద వేలు పెట్టి, "ఇది పస్తున్నప్పటిది సార్" అని నవ్వాడు.