కళాపూర్ణోదయమున సంకల్పము, యాదృచ్ఛికము, అజ్ఞానము

పింగళి సూరన పదునాఱవ శతాబ్దిని రచించి నంద్యాల కృష్ణమరాజున కంకితమిచ్చిన కళాపూర్ణోదయమునందు కాకతాళీయములు మెండనియు, బ్రహ్మ సరస్వతికిఁ జెప్పిన కథయే భూమిపై జరుగుటచే పాత్రలకు స్వాతంత్ర్యము లేదనియు నాక్షేపింపవచ్చును. ఈ యాక్షేపములకు సమాధానము కావ్యమందే కలదు. గ్రీకు దార్శనికుఁడగు అరిస్టాటిలు చేసిన విభాగము దానిని తేటపఱచును.

యాదృచ్ఛికమనఁగా కారణము లేకుండుట కాదని యతని మతము. ఒకఁడు వేఱొక పనికై యంగడికిఁ బోఁగా, నచట ఋణస్థుఁడు కనఁబడి సొమ్ము చేతికి వచ్చెను. తెలిసియున్నచో దానికై పోవలసినదే. కాని దానికై పోలేదు. కావున నిట్టి యాదృచ్ఛికము సంకల్పము గలవారి చేష్టలయందే పుట్టును. ఇఁక నజ్ఞానము: ఎవరిని, దేనిచేత నను విశేషముల నెఱుఁగక చేసి, పిదప వగచినవాని క్రియ యనిచ్ఛాకృతము. మద్యపానమత్తుని యజ్ఞాన మట్టిది కాదు; ఏలయన దానికిఁ దానే కర్త.

పాణిని కర్తకు మిక్కిలి యీప్సితమైనదానికి కర్మసంజ్ఞ విధించి, యీప్సితము కాకున్నను నట్లే క్రియతోఁ గూడినదానికిని నా సంజ్ఞనే విధించెను. గ్రామమునకుఁ బోవువాఁడు దారిలోని గడ్డిని దాఁకినను గడ్డి కర్మమే. వ్యాకరణమున కింతతోఁ బని తీఱును, ధర్మవిచారమునకుఁ దీఱదు.

కలభాషిణి నలకూబరునిఁ గోరి రంభారూపము దాల్చెను. మణికంధరుఁడు రంభను గోరి నలకూబరరూపము దాల్చెను. మాయారంభయు మాయానలకూబరుఁడును గలసికొనిరి. రూపధారణము సంకల్పము, ఆ యిరువురే తారసిల్లుట యాదృచ్ఛికము, ఎదుటివారి నెఱుఁగమి యజ్ఞానము. ఒకరి యజ్ఞానమునకు రెండవవారి వంచన కారణమైనను, ఇరువురును నిర్దోషులు కారు. ఎవరితోఁ గలసితి నను నంశమునందే యెఱుఁగమి మన్నింపఁదగినది. మోసగింపఁబూనుట యెఱిఁగి చేసినదే. ఈడిపసు తండ్రిని దండ్రియని యెఱుఁగక చంపెను. ఆ ఘాతమున వంచన లేదు. కనుకనే యది శోకమునకును, సూరన ఘట్టము హాసమునకును దావయ్యెను.

ఇఁక బ్రహ్మవాక్కు. అది సంఘటనలను నియమించినను, పాత్రల కోరికలనే ద్వారముగాఁ గొనినది. కోరిక లేనిచో వేషము లేదు. వేషము లేనిచో నీ భ్రాంతి లేదు. కట్టమంచి రామలింగారెడ్డి కవిత్వతత్త్వవిచారమునఁ గొనియాడిన కథాసంవిధానమునకుఁ గీలకమిదియే. కావున బోధించువారు విధివశమను నొక్కమాటతో నీ ఘట్టమును దాఁటింపక, కోరినదేది, తటస్థించినదేది, తెలియనిదేది యని విడఁదీసి చూపవలయును. అట్లు చూపినచో సూరన కూర్పునకు న్యాయము జరుగును. తప్పెవరిదో తూఁచుట విద్యార్థులకు నలవడును.