ఎవరికి తొందర? కాఫ్కా, వార్ప్‌స్ట్రీమ్ పక్కపక్కన

కాఫ్కా, వార్ప్‌స్ట్రీమ్ ప్రోగ్రామ్‌ల మధ్య సందేశాల ప్రవాహాన్ని మోసే సిస్టమ్‌లు. పైకి చూస్తే రెండూ ఒకటే. కాఫ్కా కోసం రాసిన ప్రోగ్రామ్‌లో సర్వర్ చిరునామా మారిస్తే చాలావరకు అదే వార్ప్‌స్ట్రీమ్‌తోనూ మాట్లాడుతుంది. తేడా అంతా విన్నదాన్ని ఎక్కడ రాసుకుంటారన్న దగ్గరే.

లింక్డ్‌ఇన్‌లో పుట్టిన కాఫ్కా 2011లో ఓపెన్ సోర్స్ అయింది. అది సొంత డేటా సెంటర్ల కాలపు బిడ్డ. అక్కడ ఒక మెషీన్ నుంచి మరో మెషీన్‌కు పోయే డేటాకు ఎవరూ మీటరు బిగించరు. అందుకే సందేశాల వరుసలో ఒక భాగమైన ప్రతి పార్టిషన్‌కు బాధ్యుడిగా ఒక సర్వర్‌ను (లీడర్ బ్రోకర్‌ను) పెట్టి, డేటాను మామూలుగా మూడు బ్రోకర్ల డిస్కుల్లో దాస్తుంది. 2023లో వచ్చిన వార్ప్‌స్ట్రీమ్ క్లౌడ్ బిల్లు చూశాక పుట్టిన ఆలోచన. బ్రోకర్ల స్థానంలో పనిచేసే దాని ఏజెంట్లు తమ దగ్గర ఏమీ దాచుకోవు. వచ్చిన సందేశాలను మూటగట్టి నేరుగా అమెజాన్ ఎస్3 లాంటి ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో పెట్టేస్తాయి.

బిల్లు దగ్గర కాఫ్కాకు చిక్కు వస్తుంది. అమెజాన్ క్లౌడ్ అమెరికా తూర్పు రీజియన్‌లో 1 జీబీ ఒక జోను (విడి డేటా సెంటర్ల గుంపు) దాటితే పంపినవైపు ఒక సెంటు, అందుకున్నవైపు ఒక సెంటు. మూడు జోన్లలో పరిచిన కాఫ్కాలో మూడింట రెండు వంతుల రాతలకు లీడర్ పక్క జోన్‌లోనే ఉంటుంది. ఆపైన రెండు కాపీలూ జోను దాటాలి. మొత్తం జీబీకి 5 సెంట్లు దాటుతుంది. అదే జీబీని 4 ఎంబీ మూటలుగా ఎస్3లో రాస్తే 256 రాతలు. వెయ్యికి అర సెంటు లెక్కన 0.13 సెంటు. జోన్ల మధ్య కాపీల పని ఎస్3దే. నిల్వ, చదువు ఖర్చులు వేరే అనుకున్నా అంతరం పెద్దదే.

ఆ చవకకు మూల్యం సమయం. కాఫ్కా కొన్ని మిల్లీసెకన్లలో ‘అందింది’ అంటుంది. వార్ప్‌స్ట్రీమ్‌ది షేర్ ఆటో పద్ధతి: నిండాలి, లేదా పావు సెకను గడవాలి, అప్పుడే కదులుతుంది. ఎస్3లో రాసే సమయం దానికి అదనం.

నిర్వహణలో మార్కులు వార్ప్‌స్ట్రీమ్‌కే. ఏజెంట్ పడిపోతే ఇంకోటి నిలబెడితే సరి. కాఫ్కాలో బ్రోకర్‌ను మారిస్తే దాని డిస్కుల్లోని డేటా మళ్లీ మోయాలి. కానీ వార్ప్‌స్ట్రీమ్‌లో ‘స్టేట్ లేదు’ (గుర్తుంచుకోవాల్సిందేమీ లేదు) అన్న మాటను నేను సగమే ఒప్పుకుంటాను. ఏ సందేశం ఏ మూటలో, ఏ వరుసలో ఉందో ఎవరో గుర్తుంచుకోవాలి. కాఫ్కాలో ఆ వరుస తేల్చేది లీడర్. వార్ప్‌స్ట్రీమ్‌లో ఆ పని కంపెనీ నడిపే మెటాడేటా సేవది. ఎస్3 అనే బీరువా మన ఇంట్లోనే ఉంటుంది, అందులో ఏది ఎక్కడుందో రాసిన చిట్టా మాత్రం బయట. ఆ చిట్టా లేకపోతే బీరువాలో ఉన్నది చిత్తు కాగితాల కుప్ప.

కార్డు గీకిన క్షణంలో మోసం పట్టాలంటే కాఫ్కానే నమ్ముతాను. రేపు ఉదయం ఎవరో తిరగేసే సర్వర్ లాగ్‌లకు ఆ హడావుడి దండగ. ఈ రెండు దారులూ ఇప్పుడు దగ్గరవుతున్నాయి కూడా. కాఫ్కా సృష్టికర్తలు పెట్టిన కాన్‌ఫ్లుయెంటే 2024లో వార్ప్‌స్ట్రీమ్‌ను కొనుక్కుంది. 2025లో డిస్కు లేని టాపిక్‌ల (టాపిక్ అంటే ఒక రకం సందేశాల వర్గం) ప్రతిపాదన కాఫ్కాలోకే వచ్చింది. అందులో ఎంపిక మొత్తం క్లస్టర్‌కు కాదు, టాపిక్ టాపిక్‌కూ విడిగా ఉంటుంది. కాబట్టి ఏ సిస్టమ్ గొప్పదని తగవు పడేకంటే, మన టాపిక్‌ల జాబితా ముందేసుకుని ఒక్కోదాని పక్కన అది ఎన్ని మిల్లీసెకన్లు ఆగగలదో రాసుకోవడం మేలు.