బంతి చేతికి అందే దాకా

మా మేనకోడలు సాఫ్ట్‌బాల్‌లో పిచ్చర్. బాగేపల్లిలో వాళ్ళింటి వెనక గోడ మీద సుద్దతో ఒక చదరం గీసుకుంది. దానికి ఎదురుగా 13 మీటర్లు కొలిచి ఒక రాయి పాతుకుంది. బడి వదిలాక ఆ రాయి దగ్గర నిలబడి, చెయ్యి గిర్రున ఒక చుట్టు తిప్పి, తొడ పక్క నుంచి బంతి వదులుతుంది. గోడకు తగిలిన చప్పుడు మూడిళ్ళ అవతలికి వినబడుతుంది. నిరుడంతా జట్టులో పేరుంది కానీ ఆట లేదు. చిక్కబళ్ళాపురంలో మ్యాచ్ అంటే అక్కడికి, చింతామణిలో అంటే అక్కడికి బస్సెక్కి పోవడం, బెంచీ మీద కూర్చోవడం, ఆడేవాళ్ళకు నీళ్ళ సీసాలు అందించి రావడం. "ఇంగా ఎన్ని మ్యాచ్‌లు కూర్చోవాల మామా?" అని ఒక రోజు అడిగింది. నాకు జవాబు తోచలేదు. ఆ ఆదివారం ఇద్దరం కలిసి రెండు సినిమాలు చూశాం. అప్పటి నుంచి ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ఆలోచిస్తూనే ఉన్నాను.

ఒకటి 'ఇక్బాల్'. హైదరాబాదులో పుట్టిన నగేశ్ కుకునూర్ 2005లో తీసిన హిందీ సినిమా. రెండోది 'కౌసల్య కృష్ణమూర్తి'. తమిళంలో 2018లో వచ్చిన 'కనా'ను మరుసటి ఏడాది భీమనేని శ్రీనివాసరావు తెలుగులో తీశారు. రెండూ క్రికెట్ కథలే అయినా రెండింటిలోనూ ప్రధాన పాత్ర బౌలర్. నన్ను పట్టుకున్నది అదే. జట్టులోకి వచ్చిన బ్యాటర్‌కు ఆలస్యంగానైనా వరుస వస్తుంది. బౌలర్‌కు వరుసంటూ ఉండదు. ఎవరో ఒకరు నమ్మి బంతి చేతిలో పెట్టాలి. పెట్టకపోతే పదకొండు మందిలో ఉండి కూడా ఆడనట్టే. ఈ కథల్లో అసలు ప్రశ్న కౌశలం ఉందా లేదా అన్నది కాదు, ఆ నమ్మకం ఎలా పుడుతుందన్నది.

ఇక్బాల్ పల్లెటూరి కుర్రాడు. చెవులు వినబడవు, మాట రాదు. ఫాస్ట్ బౌలర్ కావాలని కోరిక. అతని తరఫున మాట్లాడేది చెల్లెలు ఖదీజా. ఆ పాత్రలో శ్వేతాబసు ప్రసాద్ చూపిన చురుకుదనాన్ని మూడేళ్ళ తర్వాత 'కొత్త బంగారు లోకం'లో మనవాళ్ళు చూశారు. గిరీష్ కర్నాడ్ నడిపే అకాడమీలో ఇక్బాల్‌కు చోటు దొరికినట్టే దొరికి చేజారుతుంది. అప్పుడు తాగుడుకు బానిసైన మోహిత్ అనే మాజీ ఆటగాడిని పట్టుకుంటాడు. నసీరుద్దీన్ షా ఆ పాత్రను ఎక్కడా గొప్ప చెయ్యకుండా వేశాడు. పొలంలో సాధన, చుట్టూ ఆటగాళ్ళ పేర్లు పెట్టిన గేదెలు. ఆ తర్వాత వచ్చే మలుపు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు కానీ, సినిమా మొత్తంలో నాకు తెలివైనది అదే. మోహిత్ తన శిష్యుణ్ణి పేరున్న జట్టు గుమ్మం ముందు నిలబెట్టడు. అప్పటికి వెనకబడి ఉన్నట్టు చూపిన ఆంధ్ర రంజీ జట్టులో చేర్పిస్తాడు. తెలుగువాడిగా చూస్తే మనసు కాస్త చివుక్కుమనే మాట నిజమే. కానీ అక్కడ బౌలర్ కావాలి, ఇక్కడ బౌలర్ ఉన్నాడు. ఖాళీ ఉన్న చోటికి పిల్లవాణ్ణి తీసుకుపోవడం కూడా గురువు పనే అని ఆ సినిమా తెలుసుకుంది.

కౌసల్య కథలో ఈ లౌక్యం లేదు. దానికి బదులు ఇల్లుంది. మన జట్టు ఓడిపోయిన రోజు కన్నీళ్ళు పెట్టుకున్న తండ్రిని చూసి, ఆయన్ను నవ్వించడానికి బంతి పట్టిన పిల్ల ఆమె. రాజేంద్రప్రసాద్ ఆ తండ్రి. అప్పుల్లో కూరుకుపోయిన రైతు. ఊళ్ళో మగపిల్లల మధ్య ఆడుకుంటూ ఆఫ్ స్పిన్ నేర్చుకుంటుంది ఐశ్వర్యా రాజేశ్. ఝాన్సీ వేసిన తల్లి ఒప్పుకోదు. ఆ తల్లి భయం దుర్మార్గం కాదు. చీకటి పడ్డాక ఆడపిల్ల గ్రౌండు నుంచి ఎలా వస్తుందన్న భయం బాగేపల్లిలోనూ ప్రతి ఇంటికీ తెలుసు. ఈ భయాన్ని 'ఇక్బాల్' తాకనే లేదు, ఆ అవసరం దానికి రాలేదు. మా అక్క ఆ సన్నివేశాలు వచ్చినప్పుడు వంటింట్లోంచి వచ్చి గడప దగ్గర నిలబడి చూసింది.

అయితే విమర్శకుడిగా ఒక మాట చెప్పాలి. రెండో సినిమాలో రైతు బాధ, బౌలర్ ఎదుగుదల రెండు కాడెడ్ల లాగా కలిసి నడవాలి. నడుస్తూ నడుస్తూ రైతు కథ బరువంతా లాగేసుకుంటుంది. చివరికి ఆస్ట్రేలియా మీద గెలుపు రైతు గోడు వినిపించే వేదిక అవుతుంది. ఆ గోడు నిజమైనదే, ఆ కన్నీళ్ళు నావి కూడా. కానీ ఆమె బంతి ఏ రోజు ఎంత తిరిగింది, ఎక్కడ తప్పింది, ఎలా సరిదిద్దుకుంది అన్నది నాకు సరిపడా కనబడలేదు. శిబిరంలో ఒంటరిదైన పిల్లను శివకార్తికేయన్ వేసిన కోచ్ నమ్ముతాడు. ఎందుకు నమ్మాడో ఆయన మాటల్లో తెలుస్తుంది తప్ప ఆమె బంతుల్లో తెలియదు. 'ఇక్బాల్'లో ఆ సాధన కంటికి కనబడుతుంది. అందుకే ఆటగా చూస్తే మొదటిది, ఇంటిగా చూస్తే రెండోది మేలని నా తీర్పు.

రెండూ దాటేసింది ఒకటుంది, అదే బెంచీ. ఎంపిక కావడానికీ చివరి మ్యాచ్‌కీ నడుమ నెలల తరబడి ఉండే ఖాళీ. మా పిల్ల ఇరుక్కున్నది సరిగ్గా అక్కడే. సాఫ్ట్‌బాల్‌లో ఆ ఇరుకు ఇంకా ఎక్కువ. 50 ఓవర్ల క్రికెట్‌లో ఒక బౌలర్ పది ఓవర్లకు మించి వెయ్యకూడదు, అందుకే కనీసం అయిదుగురికి బంతి దక్కి తీరాలి. సాఫ్ట్‌బాల్‌లో ఆ నియమం లేదు. ఏడు ఇన్నింగ్స్‌లూ ఒక్కతే వెయ్యొచ్చు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జపాన్ పిచ్చర్ యుకికో ఉయెనో రెండు రోజుల్లో మూడు మ్యాచ్‌లకు కలిపి 413 బంతులు వేసి బంగారు పతకం తెచ్చింది. చెప్పుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది. కానీ అదే జట్టు బెంచీ మీద కూర్చున్న రెండో పిచ్చర్ వైపు నుంచి ఆలోచించండి.

అదే ఉయెనో 2021లో టోక్యో ఒలింపిక్స్ ఫైనల్‌లో మళ్ళీ అమెరికా మీద దిగింది. అప్పటికి ఆమెకు 39 ఏళ్ళు. ఆరో ఇన్నింగ్స్‌లో కోచ్ రేకా ఉత్సుగి ఆమెను ఆపి, 20 ఏళ్ళ మియు గోతో చేతికి బంతి ఇచ్చింది. అమెరికా బ్యాటర్ బలంగా కొట్టిన బంతి మూడో బేస్ దగ్గరున్న అమ్మాయి చేతికి తగిలి పక్కకు ఎగిరింది. రెండో, మూడో బేస్‌ల నడుమ నిలబడే షార్ట్‌స్టాప్ దాన్ని నేల తాకకముందే పట్టేసింది. ఏడో ఇన్నింగ్స్‌కు ఉయెనో తిరిగి వచ్చి ముగించింది. జపాన్ 2-0తో గెలిచింది. గోతోను ఆ రోజు ఉన్నట్టుండి దింపలేదు. అంతకు ముందు మ్యాచ్‌ల్లో కూడా నడుమ నడుమ ఆమెకు పని చెబుతూ వచ్చారు. నేను చూసిన రెండు సినిమాల్లోనూ లేని సన్నివేశం ఇది.

మన దగ్గరి జిల్లాల్లోంచి, క్రికెట్‌లోనే మరో ఉదాహరణ. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి మొదట ఫాస్ట్ బౌలర్ కావాలనుకుని, తర్వాత ఎడమచేతి స్పిన్‌కు మారింది. 2025 మహిళల ప్రపంచ కప్‌లో 14 వికెట్లు తీసి, గెలిచిన జట్టులో నిలబడింది. ఇష్టపడ్డ దారి వదిలి, తన చేతికి సరిపోయే దారి వెతుక్కోవడం ఆ వయసులో చిన్న పని కాదు.

ఇవన్నీ మనసులో పెట్టుకుని మా పిల్ల నేరుగా తన కోచ్ దగ్గరికి పోయింది. నేను పోలేదు. పెద్దలు పోతే అది పంచాయితీ అవుతుంది. "నన్నెందుకు దింపరు సార్" అని కాకుండా, "ఒక్క ఇన్నింగ్స్ వెయ్యాలంటే నేనేం నేర్చుకోవాల సార్" అని అడగమని మాత్రం చెప్పాను. ఆయన చెప్పింది రెండే మాటలు. వేగం చాలు, చదరం బయట పడే నాలుగు బాల్స్ వేసి బ్యాటర్‌ను ఊరికే మొదటి బేస్‌కు పంపొద్దు. బ్యాటర్ బంట్ చేసి బంతిని మెల్లగా ముందు పడేసినప్పుడు నిలబడి చూడకుండా ముందుకు ఉరికి బంతి అందుకో.

అప్పటి నుంచి గోడ మీది చదరానికి పక్కన లెక్క కూడా మొదలైంది. రోజుకు యాభై బంతులు, మూడో రోజు భుజానికి విరామం. మొదటి వారం యాభైలో ఇరవై ఒకటి చదరంలో పడ్డాయి. రెండు నెలలకు ముప్పై నాలుగు. ఆదివారాలు చింతామణికి బస్సెక్కేది. అక్కడ కొందరు పిల్లలు సాధనకు కూడుతారు, వాళ్ళకు పిచ్చర్ లేదు. బ్యాటింగ్ సాధనకు గంట సేపు బంతులు వేసి, టమాటా లారీల మధ్య నుంచి నడిచి వచ్చి, సాయంత్రం బస్సులో నిద్రపోతూ ఇంటికి చేరేది. మోహిత్ ఇక్బాల్‌ను ఆంధ్ర జట్టుకు తీసుకుపోయిన ఘట్టం మా ఇంట్లో ఇలా జరిగింది. మిగతా రోజుల్లో కుడి ఫీల్డులో నిలబడమంటే నిలబడింది, సణగలేదు.

చిక్కబళ్ళాపురంలో మ్యాచ్ రోజున మా జట్టు నాలుగు పరుగులు ముందుంది. ఏడో ఇన్నింగ్స్. కోచ్ తల తిప్పి ఆమె వైపు చూశాడు. మా అక్క నా చెయ్యి పట్టుకుంది. మొదటి బ్యాటర్‌కు వరుసగా నాలుగూ బాల్సే. ఆ అమ్మాయి నడుచుకుంటూ మొదటి బేస్‌కు పోయింది. మా పిల్ల బెంచీ వైపు చూసింది. పెద్ద పిచ్చర్ అప్పటికే గ్లవ్ తొడుక్కుని లేచి నిలబడింది. కోచ్ లేవలేదు. కూర్చోమని ఆ అమ్మాయికి చేత్తో సైగ చేశాడు. మా పిల్ల కాలి కింది మట్టి సరిచేసుకుని, బంతిని చేతిలో ఒకసారి తిప్పి చూసుకుని, మళ్ళీ చెయ్యి ఎత్తింది.