‘మరమ్మతు’ అను మాట: ఈస్టు కణము చెప్పు సాక్ష్యము

అతినీలలోహిత కిరణములచే డి.ఎన్.ఏ.కు కలుగు హానిని గూర్చి జనసామాన్యమునకై వ్రాయబడు వ్యాసములలో ‘కణము ఆ హానిని మరమ్మతు చేసికొనును’ అను వాక్యము తఱచుగా కానవచ్చును. ఈ వాక్యము అసత్యము కాదు గాని అసమగ్రము. మూడు భిన్నకార్యములను ఒక్క పేరు క్రింద చేర్చి, వానిలో మూడవది మరమ్మతే కాదన్న సంగతిని ఇది మఱుగుపఱచుచున్నది. ఈ దోషమును నిరూపించుటకు రొట్టెను పొంగించు ఈస్టు కణమే చాలిన సాక్షి.

మొదట హాని యెట్టిదో చూతము. డి.ఎన్.ఏ. పేటలో ప్రక్కప్రక్కనున్న రెండు థైమిన్ అణువులు కిరణశక్తిచే ఒండొంటితో ముడిపడును. ఆ ముడి యొద్ద డి.ఎన్.ఏ. ప్రతిని తీయు ఎంజైము ఆగిపోవును.

దీనికి ఈస్టు చేయు మొదటి ప్రతిక్రియ ముడి విప్పుట. కిరణాహతములైన సూక్ష్మజీవులు మామూలు వెలుతురు సోకినచో కోలుకొనునని 1949లో ఆల్బర్ట్ కెల్నర్ కనుగొనెను. ఆ పని చేయు ఎంజైము రొట్టెల ఈస్టు సారములో కలదని 1960 ప్రాంతమున క్లాడ్ రూపర్ట్ పరిశోధనలు స్థిరపఱచెను. ఫోటోలయేజ్ అను ఈ ఎంజైము వెలుతురు శక్తితో ముడిని విప్పును. పేటను ఎచ్చటను కోయదు.

రెండవది కోసి పూడ్చుట. దీనికి వెలుతురుతో పనిలేదు. రాడ్4 మాంసకృత్తు హానిని గుర్తించును. రాడ్3 మున్నగునవి జంటపేటలను విడదీయును. రాడ్1–రాడ్10 జంట ఒకవైపున, రాడ్2 వేఱొకవైపున కోయును. సుమారు 25 అక్షరముల తునుక తొలగిపోగా, ఎదుటి పేటను చూచి ఖాళీ పూడ్చబడును.

మూడవది దాటిపోవుట. రాడ్6, రాడ్18 ప్రేరణచే రాడ్30 అను పోలిమరేజు ముడి కెదురుగా రెండు అడెనిన్‌లను సరిగా చేర్చి ముందునకు సాగును. ముడి మాత్రము అట్లే యుండును! ఇంకొక దారిలో రెవ్3 మున్నగునవి పనిచేయును; అచ్చట తప్పులు దొరలును. అతినీలలోహిత కిరణములచే ఈస్టులో కలుగు ఉత్పరివర్తనములలో అధికభాగము ఈ దారిననే వచ్చును. రెవ్3 లోపించినచో అవి మిక్కిలి తగ్గును. ప్రాణము దక్కినది, వ్రాత మాఱినది. దీనిని మరమ్మతు అనుట యెట్లు?

ఈ విభాగము మన కల్పన కాదు. రాడ్1, రాడ్2 రెండును చెడిన కణము, ఒక్కటి చెడిన దానికంటె ఎక్కువ సుకుమారము కాదు. ఆ రెండును ఒకే దారిలోనివి. రాడ్1, రాడ్18 చెడిన కణమో, స్వల్పకిరణములకే నశించును; ఆ దారులు వేఱు. 1970 దశకమున ఈస్టు జన్యుశాస్త్రజ్ఞులు ఈ తర్కముతోనే దారులను వేఱుపఱచిరి.

‘అన్నిటికిని డి.ఎన్.ఏ. మరమ్మతు అనియే కదా శాస్త్రజ్ఞులు శీర్షిక నుంచిరి’ అని ఆక్షేపింపవచ్చును. శీర్షికకు అది చెల్లును, వివరణకు చాలదు. దీని ఫలము మనుష్యులయందు స్పష్టము. ఎండకు తాళలేక చర్మమున క్యాన్సరు పాలగు జీరోడెర్మా పిగ్మెంటోసమ్ రోగుల కణములలో మరమ్మతు లోపమున్నదని 1968లో జేమ్స్ క్లీవర్ చూపెను. కాని ఆ రోగులలోనే ఒక తెగవారికి కోసి పూడ్చు శక్తి చక్కగా నున్నది. వారికి లోపించినది ఈస్టు రాడ్30కు సాటియైన పోలిమరేజని 1999లో తేలినది. ‘మరమ్మతు’ అను ఒక్క మాటతో సరిపెట్టుకొన్నవానికి ఈ రోగము అర్థము కాదు. ఫోటోలయేజ్ మనుష్యులకు లేనేలేదు. కావున ఈస్టు వలె వెలుతురు మనలను కాపాడునని తలచుటయు పొరపాటే.

విప్పుట, పూడ్చుట, దాటుట: ఈ మూడు మాటలును మన యింటివే. ఏ నిఘంటువును వెదకనక్కఱలేదు. తెలుగున శాస్త్రము వ్రాయువారు వీనిని వేఱువేఱుగా వాడినచో, చదువరికి శ్రమ పెరుగదు, సత్యము తఱుగదు.