తాడు పట్టేది బావమరిదే

నల్లమలలో వాన తగలని రాతి చూరు కింద కొండ తేనెటీగలు పట్టు పెడతాయి. కింద లోయ, పైన బండ అంచు. ఆ పట్టు తీయడానికి చెంచు మనిషి అంచు మీద నుంచి తాడు పట్టుకుని దిగుతాడు. దిగేవాడికి ధైర్యం ఉండాలి, నిజమే. కానీ ఆ రోజు అతను ప్రాణాలతో పెంటకు, అంటే తన గూడేనికి తిరిగి రావడం పైన తాడు దగ్గర కూర్చున్న మనిషి చేతిలో ఉంటుంది. ఆ చోట సొంత అన్ననో తమ్ముడినో కూర్చోబెట్టరు. భార్య తోడబుట్టినవాడిని, అంటే బావమరిదిని కూర్చోబెడతారు.

ఎందుకని అడిగితే చెంచులు దాపరికం లేకుండా చెబుతారు. అన్నదమ్ములన్నాక ఎప్పుడో ఒకప్పుడు పోట్లాట వస్తుంది, మనసులో ఏదో ఉండిపోతుంది. బావమరిదికి అలా కాదు. తాడు తెగితే ముండమోసేది అతని అక్కో చెల్లెలో. మైదానంలో వాడే మాటలో చెప్పాలంటే, ఆ కొండ తాడు చివరన వేలాడుతున్నది తోబుట్టువు పుస్తెలతాడు. మనిషి మీద నమ్మకం ఒక్కటే చాలదనుకుని, ఆ నమ్మకానికి చుట్టరికాన్ని కూడా ముడివేసిన కట్టుబాటు ఇది. ప్రమాదం జరిగాక కారణాలు వెతికే పద్ధతులు చాలానే ఉన్నాయి. జరగకముందే కాపాడాల్సిన మనిషిని ఇంత పకడ్బందీగా ఎంచుకున్న పద్ధతి మాత్రం అరుదు.

జర్మన్ మాట్లాడే మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1940లో నల్లమలకు వచ్చి చెంచుల మధ్య ఉన్నాడు. 1943లో వారి మీద పుస్తకం వేశాడు. అప్పటికి విల్లంబులతో వేట, దుంపలు తవ్వడం, తేనె తీయడం కలిసే సాగేవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో జంతువుల వేట నేరమైంది. తేనె మిగిలింది. 2006 అటవీ హక్కుల చట్టం తేనెను చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, సేకరించి అమ్ముకునే హక్కును గిరిజనులకు, తరతరాలుగా అడవిని నమ్ముకుని బతికే ఇతరులకు ఇచ్చింది. వేటగాడి ఒడుపు, ఓర్పు, అడవిలో అడుగు వేసే తీరు ఇప్పుడు ఎక్కువగా కనబడేది ఈ పనిలోనే.

కొండ తేనెటీగ పెట్టెల్లో పెంచే ఈగ లాంటిది కాదు. గాలికి వేలాడే ఒకే ఒక పెర కడుతుంది, దాని మీద వేల ఈగలు తెరలా కప్పుకుని ఉంటాయి. ఒక్కటి కుట్టిందంటే ఆ కొండి నుంచి మాగిన అరటిపండు లాంటి వాసన వస్తుంది. మిగతా ఈగలకు అదే కబురు. అందుకే కుట్టిన ఈగను చేత్తో కొట్టి నలపడం తప్పు. నలిపిన కొద్దీ వాసన, వాసన వచ్చిన కొద్దీ ఈగలు.

ఆ కబురును ఆపేది పొగ. ఎండుగడ్డి లోపల, పచ్చి ఆకులు పైన పెట్టి కట్టిన కట్టకు నిప్పు పెడితే మంట లేవదు, దట్టంగా పొగ వస్తుంది. మంట లేస్తే ఈగలు చస్తాయి, ఎండాకాలమైతే అడవీ అంటుకుంటుంది. చీకటి రాత్రులను ఎంచుకునేవాళ్లు కూడా ఉన్నారు. కొండ తేనెటీగలు వెన్నెల్లో ఎగరగలవు, కాబట్టి పున్నమి దాపుల్లో ఈ పని పెట్టుకోవడం కొరివితో తల గోక్కోవడమే.

ఇక తాడు. పాతకాలంలో చెట్ల నారతో, అడవి తీగలతో పేనేవారు. నారేపి చెట్టు బెరడు నార గట్టిదని ఆ అడవిలో తిరిగే అందరికీ తెలుసు. ఈ రోజుల్లో నైలాన్ తాళ్లు వచ్చాయి. నైలాన్ బరువు బాగా మోస్తుంది, కానీ పదునైన బండ అంచు మీద ఒరిసి ఒరిసి పోగులు లేస్తుంది. వేడికి మెత్తబడుతుంది, కింద చేతిలో పొగకట్ట ఉందన్న సంగతి మరచిపోకూడదు. తాడు ఏదైనా బండ అంచున ఒరుసుకునే చోట గోనె సంచి మడతో, ఆకుల మెత్తో వేయాలి. దిగే ముందు మూర మూరా చేత్తో తడిమి చూసుకోవాలి. ఒక పోగు తెగినట్టు వేలికి తగిలినా ఆ రోజుకు తేనె వద్దు.

పట్టు దాకా చేరకముందే పొంచి ఉండే అపాయం ఎలుగుబంటి. దానికీ తేనె ఇష్టం. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాలినప్పుడు తెల్లవారుజామునే చెట్ల కిందికి వస్తుంది. తలవంచి తింటున్న ఎలుగుకు అలికిడి ఆలస్యంగా తెలుస్తుంది. మనిషి హఠాత్తుగా ఎదురుపడితే బెదిరి మీదపడుతుంది. అందుకే దట్టమైన చోట మౌనంగా నడవకూడదు, నలుగురూ కలిసి మాట్లాడుకుంటూ, కేక వేసుకుంటూ పోవాలి. వేటకు పనికొచ్చే నిశ్శబ్దం ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది.

ఇన్ని జాగ్రత్తలున్నా ఈగలు కుడతాయి. చర్మంలో దిగిన కొండి ఈగ నుంచి తెగిపోయాక కూడా విషాన్ని లోపలికి పంపుతూనే ఉంటుంది. గోరుతోనో, కత్తి మొండి అంచుతోనో వెంటనే గీకి తీసేయాలి. పద్ధతి కన్నా త్వరగా తీయడం ముఖ్యం. గొంతు వాచినా, ఊపిరి ఆడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, పదుల సంఖ్యలో కుట్టినా ఆకుపసరు మీద ఆధారపడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నల్లమలలోని అమ్రాబాద్ అడవి లోపలి పెంటల నుంచి ఆసుపత్రికి చేరడమే ఒక గండం. కాబట్టి వెంట వెళ్లే వాళ్లలో ఒకరు తేనె పనికి దూరంగా, దారి వైపు ఉండిపోవడం మంచిది.

తేనె ఉండేది పెరలో పైభాగాన, ఈగల పిల్ల ఉండేది కింద. పెర మొత్తం కోయకుండా తేనె ఉన్న ముక్కనే తీసి పిల్లను వదిలేయమని ఇప్పుడు నేర్పిస్తున్నారు. దీనివల్ల ఈగలు బతుకుతాయి, తేనె కూడా శుభ్రంగా వస్తుంది. కానీ తాడు మీద వేలాడుతూ ఆ ముక్కను చూసి కోయాలంటే మరి కాస్త సేపు అక్కడే ఉండాలి, పైన చేతులు మరి కాస్త సేపు బిగబట్టాలి. నడుము పట్టీ, ముఖానికి వల, కొత్త తాడు ఇచ్చేటప్పుడు ఈ లెక్క చూడాలి. శిక్షణకు దిగేవాడిని ఒక్కడినే పిలిస్తే సగం పనే అవుతుంది. బావమరిదికి కూడా కబురు పెట్టాలి, ముడి వేయడం ఇద్దరికీ ఒకేసారి, ఒకే బండ మీద నేర్పాలి.