మీటిన తరువాత

మామూలు మాండొలిన్ తీగను ఒక్కసారి మీటి చెవి ఒగ్గండి. ఖంగుమంటుంది, అంతే. కార్వ పట్టుకుందామనుకునేలోపు నాదం చేజారిపోతుంది. అందుకే పాశ్చాత్యులు దాని మీద దీర్ఘస్వరం కావాలంటే ఒకే స్వరాన్ని గబగబా మీటుతూ పోతారు. పొట్టి మెడ, జతలు జతలుగా తీగలు. జతలో రెండు తీగలూ ఒక్కలాగే సాగకపోతే గమకం గతేమిటి? ఫిడేలూ పడమటి నుంచి వచ్చిందే కానీ దానికి కమాను ఉంది. కమాను ఆడినంతసేపూ ఊపిరే. మాండొలిన్‌కి ఆ భాగ్యం లేదు.

ఆ పొట్టి ఊపిరి వాద్యాన్ని 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ పట్టుకున్నాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగ మీద వెతుక్కునేవాడు. వేళ్లు కదిపి చూపించే గురువు లేకపోవడమే అతని అదృష్టమైందేమో. గొంతు చేసే పనినే తీగను అడిగాడు. అది చెయ్యలేనంటే వాద్యాన్నే మార్చాడు. జతలు తీసేసి అయిదు ఒంటి తీగలు, కరెంటు. ఇక తీగను మెట్టు మీద పక్కకు లాగొచ్చు, జారు పట్టొచ్చు, చివరి కంపనం దాకా వినిపించొచ్చు. 1978లో గుడివాడలో తొలి కచేరీ. ఆ తరువాత మద్రాసే ఊరయింది. డిసెంబరు సీజన్‌లో ఈ చిన్నవాడి మందహాసం చూడ్డానికి సభలు కిక్కిరిసిపోయేవి.

నేనిక్కడ తలుచుకునేది కచేరీ కాదు, 1995లో రియల్ వరల్డ్ సంస్థ విడుదల చేసిన ‘డ్రీమ్’ ఆల్బం. ఇంగ్లండులో పీటర్ గేబ్రియల్ నెలకొల్పిన సంస్థ అది. శ్రీనివాస్‌కి జోడీ కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్. నస్రత్ ఫతే అలీ ఖాన్ ‘మస్త్ మస్త్’ ఆల్బం తీర్చిదిద్దింది ఈయనే. బ్రూక్ చేతిలో ఒక విచిత్రమైన వాద్యం ఉంది. పేరు ఇన్ఫినిట్ గిటార్. తీగ కంపనాన్ని ఎలక్ట్రానిక్స్‌తో తిరిగి ఆ తీగకే అందిస్తుంది. ఒకసారి మోగిన స్వరం వేలు తీసేదాకా మోగుతూనే ఉంటుంది. 1987లో యూటూ బృందం ‘విత్ ఆర్ వితౌట్ యూ’ పాటలో వెనక సాగే ఆ తెగని గిటారు నాదం దీనిదే.

ఊపిరి చాలని వాద్యంతో ఊపిరి ఆగని వాద్యం జత కట్టిందన్నమాట. ఈ ఆల్బం రుచి అంతా నాకు ఈ జతలోనే ఉంది.

రచనలు నాలుగే. డాన్స్, థింక్, రన్, డ్రీమ్. రాగం పేరు లేదు, తాళం పేరు లేదు. ఆడు, ఆలోచించు, పరుగెత్తు, కలగను అని పిల్లాడికి చెప్పినట్టు ఒక్కో మాట. మాండొలిన్ ఒక పట్టు పలికి ఆగుతుంది. కచేరీలో అయితే ఆ ఖాళీని వయొలిన్ అందుకుని అదే పట్టును తిరిగి పలుకుతుంది. ఇక్కడ నా చెవి పట్టుకునేది ఆ తిరిగి పలకడం కాదు. వెనక నుంచి గిటారు నాదం మెల్లగా కమ్ముకుంటుంది. ఏటి మీద పొగమంచు ఎక్కడ మొదలైందో చెప్పగలమా? మీటులు దానిలో చినుకుల్లా పడతాయి. ఒక్కో చినుకు ఎంతవరకు చినుకో, ఎక్కడి నుంచి నీరో తెలియదు.

శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో స్వరానికి చెప్పిన లక్షణం అనురణనం. దెబ్బ తగిలిన తరువాత స్నిగ్ధంగా సాగే మోత అన్నమాట. మీటు స్వరం కాదు, మీటిన తరువాత మిగిలేది స్వరం. ఆనందవర్ధనుడూ కావ్యంలో వాచ్యార్థం వెనక తోచే ఒక తీరు ధ్వనిని అనురణనంతోనే పోల్చాడు. గంట కొట్టాక చెవిలో ఉండిపోయే మోత వంటిదది. ఇద్దరూ చెప్పిన ఆ ‘తరువాత’ను కొలిచి చూపించడానికే ‘డ్రీమ్’ పుట్టిందనిపిస్తుంది. తంబుర చేసే పనిని కరెంటుకి అప్పగించి, దాని మీద పాలకొల్లు కుర్రాడు గమకం గీస్తున్నాడు.

లోటు లేదనను. పొరలు పొరలుగా పేర్చిన సంగీతంలో మృదంగం వాయించే మనిషి కళ్లలోకి చూసి నవ్వే క్షణం దొరకదు. తీరుబడిగా సాగే రాగాలాపన, స్వరకల్పనలో ఎదురుచూసే ముక్తాయింపు ఇందులో వెతికితే నిరాశే. కచేరీ చెవితో వింటే ఇది సగం అన్నం. కచేరీని కాసేపు మరిచిపోతే కడుపు నిండుతుంది. తరువాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో ‘రిమెంబర్ శక్తి’లో వాయించినప్పుడు ఆ నవ్వులూ ఆ సవాళ్లూ దొరికాయి. ఈ మంచు మాత్రం అక్కడ లేదు.

2014 సెప్టెంబరు 19న చెన్నైలో శ్రీనివాస్ వెళ్లిపోయాడు. నలభై అయిదేళ్లు. ఆ మాట తలుచుకోకుండా విందామనుకుని మొన్నొక రాత్రి దీపాలార్పి ‘డ్రీమ్’ పెట్టుకున్నాను. ఉక్కపోత, పైన ఫ్యాను. వింటూ వింటూ ఎప్పుడో గమనించాను, మీటు వినపడి చాలాసేపయింది. గిటారు మోత మాత్రం సాగుతూనే ఉంది. లేచి చూస్తే ప్లేయరు ఎప్పుడో ఆగిపోయింది. అప్పటిదాకా నేను శ్రుతి కలుపుకుని వింటున్నది ఫ్యాను.

మీట నొక్కి దాన్ని ఆపబుద్ధి కాలేదు.