దూరవిద్యలో రూపకల్పన బోధన

బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ 1969లో స్థాపింపబడినది. ఇంటివద్ద చదువుకొను విద్యార్థులకు 1975లోనే అది రూపకల్పన పాఠ్యక్రమమును ఆరంభించినది. 2010 నాటి పాఠ్యక్రమములో విద్యార్థులు తమ చిత్రములను అంతర్జాలమున ఉంచి, ఒకరి పనిని మరొకరు చూచి వ్యాఖ్యానించు ఏర్పాటు చేసినది. ఇది మెచ్చదగిన ప్రయత్నమే. కాని ఇట్టి పద్ధతిలో ఒక చిక్కు లేకపోలేదు.

రూపకల్పన సూత్రములు వల్లించుటవలన రాదు. ఈతవలె చేసి నేర్వవలసిన విద్య అది. డొనాల్డ్ షోన్ 1983లో ప్రచురించిన గ్రంథమున ఒక ఉదాహరణము కలదు. పాఠశాల భవనమునకు నమూనా గీయుచు ఒక విద్యార్థిని చిక్కుపడును. గురువు ఆమె చిత్రముపై పలుచని కాగితము పరచి, మాటలాడుచునే గీసి చూపును. ఆ గీతయే పాఠము. దూరమునుండి పంపునది సాధారణముగా పూర్తియైన చిత్రము. తడబాట్లు, చెరిపివేతలు ఇంటనే ఉండిపోవును. అప్పుడు గురువు ఫలితమును దిద్దగలడుగాని, ఆలోచనను దిద్దలేడు.

అట్లని దూరవిద్యను త్రోసిపుచ్చరాదు. ఉద్యోగము వదలలేనివారికి, కళాశాల అందుబాటులో లేనివారికి అదియే మార్గము. చిత్తుప్రతులనుగూడ వరుసగా తెప్పించుకొని, వానికిని మార్కులు కేటాయించినచో ఈ లోపము చాలవరకు తీరును. లెక్కలో జవాబునకే గాక, చేసిన విధానమునకును మార్కులుండవలెనని మన ఉపాధ్యాయులెరిగినదే గదా!